గెజెట్‌కెక్కిన గిన్నెల పుస్తకం

నేను రాసిన వాటిలో అచ్చయి పేరు తెచ్చుకున్నది ఒకే ఒక్క వాక్యం. కథ కాదు, కవిత కాదు, సంపాదకుడికి ఉత్తరం కూడా కాదు. ప్రభుత్వ గెజెట్‌లో మూడో నియమం కింద చిన్న అక్షరాల్లో పడిన వాక్యం. ఆ ఒక్క వాక్యంతో ఒక మున్సిపాలిటీలో ఉన్న ఫంక్షన్ హాళ్లన్నిటి పొయ్యిలూ ఆర్పించాను. గిన్నెలు తోముకునే వాళ్ల చేత "మాకు కోపం లేదు" అని సంతకాలు పెట్టించాను. రోజూ నాతో చాయ్ తాగే ఒక పెద్దాయన నన్ను చూసి తల తిప్పుకునేలా చేశాను. తరవాత దాన్ని సరిదిద్దబోయి ఇంకో ఘనకార్యం చేశాను. అది ఇప్పటికీ సరికాలేదు. తాపీగా కూర్చోండి, మొదటి నుంచీ చెబుతాను.

పదేళ్లు దాటింది. నాకప్పుడు ఇరవై ఆరు. మాది కోనసీమే కానీ నాన్న ఉద్యోగం వల్ల చిన్నప్పుడే వచ్చి సంతోష్‌నగర్‌లో స్థిరపడ్డాం. పాతబస్తీ అంచున ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీలో నాకు జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. దాని పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్లు ఇప్పటికీ నన్ను గుర్తుపడతారు.

మా సెక్షన్‌కు పెద్ద యాదగిరి సార్. పాతబస్తీలోనే పుట్టి పెరిగినాయన, రిటైర్మెంట్‌కు ఏడాది దూరంలో ఉన్నాడు. ఫైలును ఆయన చదివే తీరు చూస్తే బియ్యంలో రాళ్లేరుతున్నట్టుండేది. ఒక్కో మాటనూ వేలితో పక్కకు జరిపి, అనుమానంగా చూసి, సరేనని వదిలేవాడు. నేనేమో చేరిన ఆరు నెలలకే ఆఫీసులో నా అంత బాగా డ్రాఫ్టు రాసేవాడు లేడని తేల్చేసుకున్నాను. ఆ తేల్చుకున్నది నేనొక్కణ్ణే అన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఒకరోజు ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లివారికి వడ్డించిన కూర పచ్చగా కనపడింది. ఆకుకూర పచ్చదనం కాదు, రాగి చిలుం పచ్చదనం. తిన్నవాళ్లలో కొందరికి వాంతులయ్యాయి. ప్రాణం మీదికి రాలేదు గానీ లొల్లి పెద్దదైంది. కమిషనర్ మేడం మమ్మల్ని పిలిచి, ఫంక్షన్ హాళ్ల వంటపాత్రల మీద మన మున్సిపాలిటీకి నియమాలంటూ ఏవీ లేవు, పది రోజుల్లో రాసి తీసుకురండి అన్నారు. యాదగిరి సార్ ఏదో అనేలోపే నేను లేచి, నేను రాస్తాను మేడం అన్నాను.

ఆఫీసుకెదురుగా రేకుల షెడ్డులో మహబూబ్ చాచా కళాయి పూసేవాడు. పెళ్లి బిర్యానీలు వండే పెద్ద పెద్ద రాగి దేగ్‌లు ఆయన దగ్గరికి ఆటోల్లో వచ్చేవి. బొగ్గుల మీద దేగ్‌ను ఎర్రగా కాల్చి, నవాసారం పొడి చల్లి, తగరం ముక్క ఆనించి, దూదితో లోపల ఒక్క చుట్టు తిప్పేవాడు. తెల్లటి పొగ గుప్పుమనేది. పొగ విడిపోయేసరికి లోపలంతా అద్దం. రోజూ పదకొండింటికి ఆ అద్దం చూడ్డానికే వెళ్లేవాణ్ణి. ఆయనకూ నాకూ కలిపి ఒకే చాయ్ వచ్చేది, సాసర్ ఆయనది, కప్పు నాది. నియమాల సంగతి చెప్పి, దేగ్‌లకు ఏమేం చేయాలో చెప్పమన్నాను.

"దేగ్ లోపల తెల్లగున్నంతసేపు ఫికర్ లేదు బేటా," అన్నాడు చాచా. "ఎర్రగ కనిపిస్తే వండొద్దు, నా దగ్గరికి తేవాలె. గంతే. దీనికి కితాబ్ ఎందుకు?"

చూశారా, మొత్తం చట్టం అక్కడే ఉంది. రెండు ముక్కలు. వాటిని అలాగే కాగితం మీద పెట్టి ఉంటే ఈరోజు మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. కానీ డిగ్రీ చదివినవాడికి రెండు ముక్కలు ఆనుతాయా? నియమాలంటే కనీసం ఇరవై పేజీలైనా ఉండాలనిపించింది.

బేగంబజార్‌లో పాత్రల హోల్‌సేల్ వరసలకు వెళ్లాను. అక్కడ గోవర్ధన్ సేఠ్ అని మూడు తరాలుగా గిన్నెల వ్యాపారం చేసే కుటుంబానికి పెద్ద, అక్కడి వర్తకుల సంఘానికి అధ్యక్షుడు. నన్ను పరుపు మీద కూర్చోబెట్టి, గులాబ్‌జామూన్ తెప్పించి, ఎప్పుడో వాళ్ల సంఘం వేసిన ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. పేరు "పాత్రల పదిలం". నలభై ఎనిమిది పేజీలు. ఏ గిన్నె దేనికి వాడాలి, ఎలా తోమాలి, కళాయి ఎప్పుడు వేయించాలి, అన్నీ ఉన్నాయి. తొమ్మిదో పేజీలో దేగ్ పక్కన కూర్చున్న మహబూబ్ చాచా ఫోటో కూడా ఉంది. అందులో ఆయన గడ్డం ఇంకా నల్లగా ఉంది.

పద్నాలుగు పేజీలు చదివాను. తక్కిన ముప్ఫై నాలుగు పేజీలూ అలాగే ఉంటాయని నమ్మాను. ఇప్పుడు దీన్నంతా నియమాలుగా తిరగరాయాలా అని నీరసం వచ్చింది. అప్పుడే నా బుర్రలో ఒక బల్బు వెలిగింది. ఆ బల్బును అప్పుడే ఎవరైనా రాయి పెట్టి కొట్టుంటే బాగుండేది.

కొత్తగా చేరినప్పుడు మాకు వారం రోజులు శిక్షణ ఇచ్చారు. అందులో ఒక రిటైర్డు న్యాయాధికారి వచ్చి, ప్రభుత్వం నియమాలు రాసేటప్పుడు బయటివాళ్లు వేసిన పుస్తకాన్ని మొత్తం ఎత్తి రాయనక్కర్లేదని, ఫలానా పుస్తకం అని ప్రస్తావిస్తే చాలు, అది కూడా నియమంలో భాగమైపోతుందని చెప్పాడు. ఇది భోజనానికి ముందు. భోజనంలో పులిహోర, పెరుగువడ పెట్టారు. భోజనం తరవాత ఆయన, అలా ప్రస్తావించేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పాడట. చెప్పాడట అని ఎందుకంటున్నానంటే, నేనా గంటన్నరా కళ్లు తెరిచి నిద్రపోయాను. అంటే ఆ విద్యలో బండి నడపడం నేర్చుకుని, బ్రేకు ఎక్కడుందో చెప్పేటప్పుడు కునికానన్నమాట.

ఆఫీసుకొచ్చి మూడో నియమం రాశాను. "ఫంక్షన్ హాళ్లలో వాడు వంటపాత్రల విషయమై వర్తక సంఘము వారు ప్రచురించిన 'పాత్రల పదిలం' అను పుస్తకమందు ఎప్పటికప్పుడు ఉండు సూచనలన్నియు ఈ నియమములలో భాగముగా భావించవలెను." రాసి, రెండుసార్లు పైకి చదువుకున్నాను. ఆ 'ఎప్పటికప్పుడు' అన్నది నా సొంతం. అక్కడ అది పెట్టాక వాక్యానికి ఒక ఠీవి వచ్చింది.

యాదగిరి సార్ ఆ వాక్యం మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఏ ముద్రణ?" అన్నాడు.

"ఎప్పటికప్పుడు అని రాశాను కదండీ. ఏ ముద్రణైనా అందులోకి వచ్చేస్తుంది."

"గదే నా భయం. పుస్తకం మనది గాదు, మందిది. రేపు వాళ్లకేం బుద్ధి పుడితే అది రాస్తరు. అది మన రూల్ అయిపోతది."

"గిన్నెల మీద పుస్తకాన్ని మళ్లీ ఎవరు రాస్తారండీ?"

"మొత్తం చదివినవా?"

"చదివానండీ," అన్నాను. ఆ అబద్ధానికి నాకు శిక్ష పడాల్సిన సెక్షన్ ఏదో ఉండే ఉంటుంది.

ఆయన నమ్మలేదు. ఫైలు మీద పెన్సిలుతో 'మాట్లాడాలి' అని రాసి పక్కన పెట్టాడు. మర్నాడే వాళ్లావిడకు మోకాలి ఆపరేషన్ అని నెల రోజులు సెలవులో వెళ్లాడు. మేడం పెట్టిన గడువేమో దగ్గర పడుతోంది. నేను ఆ పెన్సిలు మాటను రబ్బరుతో చెరిపి ఫైలు పైకి పంపాను. ఈ ముక్క ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

కౌన్సిల్ ఒప్పుకుంది, గెజెట్‌లో పడింది. ఆ సాయంత్రం సంతోష్‌నగర్‌లో మా నాన్న వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని మూడో నియమాన్ని వచ్చేపోయేవాళ్లకు చదివి వినిపించాడు. పాలప్యాకెట్లు తెచ్చేవాడు కూడా విన్నాడు. మహబూబ్ చాచాకు, నీ ఫోటో ఇప్పుడు చట్టంలో ఉంది తెలుసా అని చెబితే, ఆ రోజు కప్పూ సాసరూ కాకుండా రెండు చాయ్‌లు తెప్పించాడు. అంతటితో ఊరుకున్నానా? బేగంబజార్ వెళ్లి గోవర్ధన్ సేఠ్‌కు గెజెట్ కాపీ ఒకటి స్వహస్తాలతో ఇచ్చి, మళ్లీ గులాబ్‌జామూన్ తిని వచ్చాను. నిప్పుపెట్టెను నేనే తీసుకెళ్లి ఇచ్చి, పైగా వాళ్లింట్లో ఫలహారం చేసి వచ్చానన్నమాట.

నాలుగు నెలలు గడిచాయి. పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యే ముందు, మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ బాల్‌రాజ్ చంకలో ఒక పుస్తకం పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. బాల్‌రాజ్ చాలా నిజాయితీపరుడు. ఏదైనా రాసి ఉంటే దానికి ఒక అక్షరం అటూ ఇటూ కాడు. ఆ పుస్తకం "పాత్రల పదిలం", రెండో ముద్రణ. మెరిసే రంగుల అట్ట. కళాయి గురించిన పేజీలన్నీ పోయాయి. వాటి చోట, రాగి దేగ్‌లు పాతకాలపు అలవాటు, వాటిని మానేసి సంఘం ముద్ర ఉన్న స్టీలు పాత్రలే వాడాలి అని ఉంది. తొమ్మిదో పేజీలో చాచా లేడు. ప్రెషర్ కుక్కర్ ఉంది.

ఆ వారంలో బాల్‌రాజ్ ఫంక్షన్ హాళ్లన్నిటికీ నోటీసులిచ్చాడు. దేగ్ పొయ్యెక్కితే జరిమానా. అది కాక, పుస్తకం చివరి పేజీలో గిన్నెలు తోమేవారు మనసులో కోపం పెట్టుకోరాదని, కోపంతో తోమిన గిన్నెలో వండిన కూర ఒంటికి పట్టదని ఎవరో ఒక హితవాక్యం రాశారు. పాత ముద్రణలో కూడా అది ఉందట, నేను వెళ్లని పేజీల్లో. బాల్‌రాజ్ దాన్నీ వదల్లేదు. హాలు హాలుకూ వెళ్లి, గిన్నెలు తోమే వాళ్లను వరసగా నిలబెట్టి, కోపముందా అని అడిగి, లేదని సంతకాలు తీసుకున్నాడు. ఒక ముసలామె మాత్రం, "పొద్దున్నుంచి లేకుండె సార్, నువ్వు అడిగినంక వస్తున్నది," అన్నదట. ఆమె పేరు ఎదురుగా 'పరిశీలనలో ఉంది' అని రాసుకున్నాడు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ఎదురు షెడ్డు లేకపోతే. అక్కడ బొగ్గులు చల్లారాయి. మొదటివారం రెండు దేగ్‌లు వచ్చాయి, రెండోవారం ఒకటీ రాలేదు. పదకొండింటికి నేను వెళితే చాచా లేచి, చేతులు దులుపుకుని, మసీదు వైపు వెళ్లిపోయేవాడు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. షెడ్డు బయట ఒంటరిగా నిలబడి కప్పులో చాయ్ తాగి, సాసర్‌లోది అలాగే వదిలేసి వచ్చాను.

పరుగున బేగంబజార్ వెళ్లాను. గోవర్ధన్ సేఠ్ మర్యాదలో ఏ లోపమూ లేదు. మళ్లీ గులాబ్‌జామూన్. నేను ముట్టుకోలేదు.

"ఇట్లా చేశారేంటి సేఠ్‌జీ? మీ పుస్తకం వల్ల హాళ్లు మూతపడేలా ఉన్నాయి," అన్నాను.

"సాబ్, నేను గిన్నెలు అమ్మెటోణ్ణి. నా పుస్తకంల నా గిన్నెలు కొనుమనే రాసుకుంట గద," అన్నాడాయన శాంతంగా. "నేనేమన్న చట్టం చేసిన్నా? చట్టం మీరు చేసిన్రు. నేను పుస్తకం అచ్చేసిన."

పోనీ పాత ముద్రణ కాపీ ఒకటి ఇవ్వండి అంటే, కొత్తది వచ్చినప్పుడే పాతవన్నీ కట్టలు కట్టి చిత్తుకాగితాలకు వేసేశామన్నాడు.

అసలు ఆఫీసులో ఉండాల్సిన కాపీ ఏమైందని మీరు అడుగుతారు. అడగండి, ఫరవాలేదు. ఆ కాపీ నా టేబుల్ సొరుగులో ఉండేది. మా అమ్మ బెండకాయ పులుసు పంపిన ఒకనాడు టిఫిన్ బాక్స్ మూత సరిగ్గా పడక, సొరుగంతా పులుసైంది. మొత్తం నలభై ఎనిమిది పేజీలూ తాగాయి. వాసన భరించలేక పారేశాను. ఒక మున్సిపాలిటీ చట్టంలోని ముఖ్యభాగాన్ని అలా చెత్తబండికెత్తాను.

ఈలోగా హాళ్లవాళ్లు కమిషనర్ మేడం దగ్గరికి గుంపుగా వెళ్లారు. మేడం నన్ను, యాదగిరి సార్‌ను పిలిచారు. ఆవిడ గొంతు పెంచరు. అదే భయం.

"ఈ పుస్తకం చూడాలనుకున్న మనిషి ఎక్కడికి రావాలి?" అని అడిగారు.

"నా టేబుల్ దగ్గరికి మేడం."

"అక్కడుందా?"

"లేదు మేడం."

"అంటే ఎక్కడా లేని పుస్తకాన్ని చట్టం చేశాం. ఎవరో వేసిన ఇంకో పుస్తకం చూసి నోటీసులిస్తున్నాం. అంతేనా?"

అంతే. అంత చిన్నగా, అంత సరిగ్గా నా ఘనకార్యాన్ని నేనే చెప్పుకోలేకపోయేవాణ్ణి. వచ్చే కౌన్సిల్ సమావేశంలోగా సరిచేయకపోతే నియమాలు మొత్తం రద్దు చేసి, ఎందుకు రద్దయ్యాయో నా సర్వీసు పుస్తకంలో రాస్తామన్నారు. సమావేశం తొమ్మిది రోజుల్లో ఉంది.

బయటికొచ్చాక యాదగిరి సార్ నన్ను క్యాంటీన్‌లో కూర్చోబెట్టాడు. తిడతాడనుకున్నాను. ఆయన ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుతూ, నేను నిద్రపోయిన గంటన్నర పాఠాన్ని నాలుగు మాటల్లో చెప్పేశాడు. పుస్తకం పేరుతో పాటు ఏ ముద్రణో, ఏ ఏడో రాయాలి. మనకు కావలసిన పేజీలే తీసుకోవాలి. ఎవరడిగినా చూపడానికి కాపీ ఆఫీసులో ఉండాలి. తరవాత వాళ్లేం మార్చుకున్నా మనకు సంబంధం లేదని తేల్చి చెప్పాలి, కావాలంటే మళ్లీ మనమే కొత్తగా నియమం చేసుకోవాలి.

"ఇవన్నీ మీకు ముందే తెలుసా అండీ?"

"గందుకే గద 'మాట్లాడాలి' అని రాసిన. గది ఎట్ల చెరిగిందో నాకు తెల్వదు," అని బిస్కెట్ నోట్లో వేసుకున్నాడు.

ఇప్పుడు పాత ముద్రణ కావాలి. బేగంబజార్‌లో ప్రతి కొట్టూ అడిగాను. ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాలన్నీ తిరగేశాను. ఆరు రోజులు పోయాయి. చివరికి, మొదట అడగాల్సిన మనిషిని ఒక్కణ్ణే అడగలేదని నాకు తెలుసు. అడగడానికి మొహం చెల్లలేదు, అంతే.

ఏడో రోజు చాచా ఇంటికి వెళ్లాను. షెడ్డు వెనక గల్లీలోనే. ఆయన భార్య జుబేదా బీ తలుపు తీసి, ముందు చల్లటి నీళ్లిచ్చింది. చాచా మంచం మీద కూర్చుని ఉన్నాడు. చదవని పేజీల సంగతి, పులుసు సంగతి, నేను చెరిపిన పెన్సిలు మాట ఒక్కటి తప్ప, అన్నీ చెప్పేశాను.

"నువ్వు కావాలని చెయ్యలే, నాకు ఎరుకే," అన్నాడు చాచా. "కానీ బేటా, నలభై ఏండ్లు గదే పొగల కూసున్న. ఒక కాయితం వచ్చి లెవ్వుమంటే ఎట్ల లేస్త? వచ్చి చెప్తవనుకున్న. నువ్వు రాలే."

జుబేదా బీ లోపలికి వెళ్లి ఒక రేకుపెట్టె తెరిచింది. పెళ్లిచీర మడతల్లోంచి ఒక గుడ్డమూట తీసింది. అందులో "పాత్రల పదిలం", మొదటి ముద్రణ. మొగుడి ఫోటో ఉందని అన్నేళ్లు దాచుకుంది. ఆమెకు తెలుగు చదవడం రాదు, తొమ్మిదో పేజీ మాత్రం కళ్లు మూసుకుని తీయగలదు. అది నా చేతిలో పెడుతూ చాచా ఒకే ఒక్క షరతు పెట్టాడు, ఫోటో చింపకూడదని. కళ్లకద్దుకుని తెచ్చాను. దారిలో దాన్ని టిఫిన్ బాక్స్‌కు మూరెడు దూరంలో పట్టుకున్నాను.

సమావేశం రోజు గోవర్ధన్ సేఠ్ కూడా అభ్యంతరం చెప్పడానికి వచ్చాడు. మేడం ఆయన చేతికి పాత పుస్తకమిచ్చి, ఇది మీదేనా చూడండి అన్నారు. రెండో పేజీలో ఆయన ఫోటో ఉంది, వాళ్ల నాన్న పక్కన నిలబడి, నల్లటి జుట్టుతో. కళాయి పేజీలు నాన్నే దగ్గర కూర్చుని రాయించాడని, ఆ రోజుల్లో కొట్టు నిండా రాగే ఉండేదని ఆయన తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పాడు. పుస్తకం మూసి, మెల్లిగా తిరిగిచ్చి, నాకేం అభ్యంతరం లేదు మేడం అన్నాడు.

సవరణ రాయడం మళ్లీ నాకే వచ్చింది. యాదగిరి సార్ స్పష్టంగా చెప్పాడు: ముద్రణ రాయి, ఏడు రాయి, మూడో పేజీ నుంచి పద్నాలుగో పేజీ దాకా అని రాయి, ఆపెయ్. నేను మొదటి రెండూ రాశాను. పేజీల దగ్గరికొచ్చేసరికి ఆగాను. ఒక్క పేజీ తప్పిపోయి ఇంకెవరి పొయ్యి ఆరిపోతుందోనని భయం. ఈసారి దేన్నీ వదలకూడదనుకున్నాను. "కార్యాలయమునందు భద్రపరచిన సదరు ప్రతియందు అట్ట మొదలు అట్ట వరకు ఉన్నది ఉన్నట్లుగా" అని రాసి, 'తదుపరి ముద్రణలు వర్తించవు' అని ముగించాను. కౌన్సిల్ ఒప్పుకుంది. గెజెట్‌లో పడింది. ఆ శుక్రవారం నమాజు తరవాత షెడ్డులో బొగ్గులు రాజుకున్నాయి. పదకొండు కాకపోయినా వెళ్లాను. చాచా సాసర్ తీసుకుని, కప్పు నా వైపు జరిపాడు. ఆ తెల్లటి పొగ కళ్లలో పడి నీళ్లొచ్చాయని చెప్పాను. ఆయన నమ్మినట్టే ఊరుకున్నాడు.

ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది.

మూడు వారాల తరవాత ఒక హాలు యజమాని పుస్తకం చూడాలని వస్తే, బాల్‌రాజ్ దగ్గరుండి చూపించాడు. అతను వెళ్లాక, తన అలవాటు ప్రకారం పుస్తకం చివరి దాకా తిరగేశాడు. చివర్లో మూడు ఖాళీ పేజీలు. అవి ఖాళీగా లేవు. పెన్సిలుతో సన్నటి ఉర్దూ రాత ఉంది. తెచ్చిన రోజు నేనూ చూశాను, జుబేదా బీ ప్రార్థనలాంటి దువా ఏదో రాసుకుని ఉంటుందనుకున్నాను. బాల్‌రాజ్ దాన్ని యాదగిరి సార్ ముందు పెట్టాడు. సార్ చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్నాయన. కళ్లద్దాలు సవరించుకుని, వేలు పెట్టి, కుడి నుంచి ఎడమకు నెమ్మదిగా చదివాడు. మొదటి పేజీ అయ్యాక నా వైపు చూశాడు. రెండో పేజీ అయ్యాక కళ్లద్దాలు తీసేశాడు.

"ఏంటండీ అది?" అన్నాను.

"దాల్చా," అన్నాడు.

"అంటే?"

"దాల్చా ఎట్ల వండాలె అని. పెండ్లి దాల్చా. రెండొందల మందికి. సొరకాయ ముక్కలు వేలంత ఉండాలె, పప్పు పూర్తిగ కరిగినంకనే చింతపండు పొయ్యాలె, పుదీన లేకుంటే వడ్డించొద్దు. నీ రూల్‌ల ఏం రాసినవ్?"

"అట్ట నుంచి అట్ట దాకా," అన్నాను.

"ఉన్నది ఉన్నట్టుగ," అని పూర్తిచేశాడు బాల్‌రాజ్. అప్పటికే అతను నోట్‌బుక్ తీశాడు.

అలా జుబేదా బీ రాసుకున్న దాల్చా, మా మున్సిపాలిటీలో చట్టమైంది. పప్పు కరగకముందే చింతపండు పోసినవాడు నేరస్తుడు. మళ్లీ సవరణ పెడదామా అని దీనంగా అడిగాను. యాదగిరి సార్ రిటైర్మెంట్‌కు ఇంకా ఎనిమిది రోజులుంది. ఆయన కిటికీలోంచి షెడ్డు వైపు చూసి, చాలాసేపు నవ్వాడు. ఆయన అంతసేపు నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

"ఉండనియ్," అన్నాడు. "ముప్ఫై నాలుగేండ్లల్ల నేను చదివిన రూల్స్‌ల నోరూరింది గీ ఒక్కదానికే."

ఇప్పుడు ఆ ఆఫీసు వేరే భవనంలోకి మారింది. షెడ్డు స్థలంలో సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. చాచా వాళ్లు జల్‌పల్లిలో చిన్న ప్లాటులో రెండు గదులు వేసుకుని వెళ్లిపోయారు. మొన్న రంజాన్‌కు వెళ్లాను. ఇన్నేళ్లకు ధైర్యం చేసి, మీ దాల్చా గెజెట్‌కెక్కింది, ఇంకా అమల్లోనే ఉంది అని జుబేదా బీకి చెప్పాను. ఆమె నవ్వలేదు. నుదురు చిట్లించి ఆలోచించి, కంగారుపడింది.

"అరె, అండ్ల ఉప్పు రాయలే గద నేను? నాకు చేతికి ఎరుకే అని వదిలేసిన. పుస్తకం తే బేటా, ఇప్పుడు రాసిస్త."

ఉప్పు వేయాలంటే కౌన్సిల్ తీర్మానం కావాలని, గెజెట్‌లో మళ్లీ ప్రకటించాలని ఆమెకు ఎలా చెప్పను? ఆ మున్సిపాలిటీలో చట్టం ప్రకారం దాల్చాలో ఉప్పు లేదు. జనం వేసుకుని తింటున్నారంటే, అందరూ కలిసి నియమాన్ని ఉల్లంఘిస్తున్నారన్నమాట. దయచేసి బాల్‌రాజ్‌కు చెప్పకండి.

కాబట్టి ఇందుమూలముగా నేను ప్రతిజ్ఞ చేయునది ఏమనగా: ఏ పుస్తకాన్నయినా ముందు అట్ట నుంచి వెనక అట్ట దాకా, మధ్యలో పెన్సిలు రాతలతో సహా, అది ఏ లిపిలో ఉన్నా ఎవరో ఒకరి చేత చదివించుకుని, పులుసు తగలని చోట భద్రపరిస్తే తప్ప, జీవితంలో మరెక్కడా, ఎప్పుడూ, ఏ కాగితం మీదా దాని పేరెత్తను. ఈ ప్రతిజ్ఞ మొదటి ముద్రణకే పరిమితం. తదుపరి సవరణలు వర్తించవు.